డీఎన్ఏ, ప్రొటీన్ కొలవాలి, లక్షలు లేవు: ఏది తీసుకోవాలి?

మా కాలేజీ హైదరాబాద్‌లో, తార్నాక వైపు. జనవరి వచ్చిందంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టుల హడావుడి మొదలవుతుంది. దాంతో పాటే ఏటా ఒకే ప్రశ్న: "మేడమ్, 260 చదివే మిషన్ చవగ్గా ఎక్కడైనా దొరుకుతుందా?" 260 అంటే డీఎన్ఏ పీల్చుకునే యూవీ వెలుతురు తరంగదైర్ఘ్యం, నానోమీటర్లలో. ఆన్‌లైన్‌లో యూవీ ఎల్ఈడీలు, సెన్సర్లు కనబడుతుంటాయి. కోఠి గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్లొస్తే మిగతా సామాను దొరికిపోతుంది, ఇంకేం, డబ్బా తయారవుతుందనిపిస్తుంది. నిజంగానే తయారవుతుంది. అది మీ శాంపిల్‌కి పనికొస్తుందా అన్నదే పేచీ.

నేను ఎదురు అడిగేవి రెండు. ట్యూబులో ఎంత ఉంది? దాంతో పాటు ఇంకేం ఉన్నాయి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మిషన్ ఎంపిక ఈ రెండు జవాబుల తర్వాతే మొదలవుతుంది, కాబట్టి మనం కూడా అక్కడి నుంచే వెళ్దాం.

ముందు కాస్త లెక్క

డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు 260 నానోమీటర్ల దగ్గర వెలుతురును బాగా పీల్చుకుంటాయి. ప్రొటీన్లు 280 దగ్గర. అదీ వాటిలో ఉన్న ట్రిప్టోఫాన్, టైరోసిన్ వల్ల. ఒక సెంటీమీటర్ క్యూవెట్‌లో (శాంపిల్ పోసే చిన్న పారదర్శక డబ్బీ) 260 దగ్గర ఓడీ, అంటే ఎంత వెలుతురు పీల్చుకుందో చెప్పే అంకె, 1 వచ్చిందంటే రెండు పోగుల డీఎన్ఏ మిల్లీలీటర్‌కి 50 మైక్రోగ్రాములు ఉన్నట్టు. ఆర్ఎన్ఏ అయితే 40, ఒంటి పోగు డీఎన్ఏ అయితే 33. ప్రొటీన్‌కి ఇలాంటి ఒకే అంకె లేదు. మిల్లీలీటర్‌కి ఒక మిల్లీగ్రామ్ ఉన్న బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) 280 దగ్గర సుమారు 0.67 చూపిస్తే, అంతే గాఢతలో లైసోజైమ్ 2.6 దాకా చూపిస్తుంది. ట్రిప్టోఫాన్ లేని జెలటిన్ దాదాపు ఏమీ చూపించదు. "ప్రొటీన్ సెన్సర్ చేశాను" అని ఎవరైనా అంటే, ఏ ప్రొటీనో అడగండి.

ఇప్పుడు ఒక మామూలు మినీప్రెప్, అంటే బాక్టీరియా నుంచి కొద్ది మొత్తంలో తీసిన డీఎన్ఏ, తీసుకోండి. చేతిలో 50 మైక్రోలీటర్లు, మైక్రోలీటర్‌కి 100 నానోగ్రాములు, అంటే మొత్తం 5 మైక్రోగ్రాముల డీఎన్ఏ. దాన్ని మొత్తంగా ఒక మిల్లీలీటర్ నీళ్లలో కలిపేస్తే వచ్చే ఓడీ 0.1. అది చదవచ్చు. కానీ నెల రోజుల కష్టం క్యూవెట్‌లో పోసేసినట్టే. పోనీ 5 మైక్రోలీటర్లే కలుపుదామంటే ఓడీ 0.01. అక్కడ మీరు కొలిచేది డీఎన్ఏనో, మిషన్ వణుకో తేల్చుకోలేరు.

అందుకే ధర కంటే ముందు చూడాల్సినవి: ఎంత శాంపిల్ ఖర్చు పెట్టగలరు, అది ఎంత శుభ్రంగా ఉంది, మీకు కావాల్సింది కచ్చితమైన అంకెనా లేక నిన్నటికి ఇవాళ్టికి తేడానా. పాడైతే ఎవరు బాగుచేస్తారన్నది నాలుగోది. కొనేటప్పుడు ఎవరూ అడగరు, ఆరు నెలలకి అందరూ అడుగుతారు.

| మార్గం | దేనికి బాగుంటుంది | కావాల్సిన శాంపిల్ | ఎక్కడ మోసం చేస్తుంది | ఖర్చు తీరు |
|---|---|---|---|---|
| సెకండ్ హ్యాండ్ యూవీ స్పెక్ట్రో (వేర్వేరు తరంగదైర్ఘ్యాల దగ్గర ఓడీ చదివే మిషన్) | డీఎన్ఏ, ప్రొటీన్, 260/280 నిష్పత్తి | మామూలు క్యూవెట్‌కి 1 నుంచి 3 మిల్లీలీటర్లు | అరిగిపోయిన డ్యూటీరియం ల్యాంప్ | కొనడం ఒకసారి, ల్యాంప్ మళ్లీ మళ్లీ |
| సొంత యూవీ ఎల్ఈడీ డబ్బా | ఒకే రకం శాంపిల్‌ని పదేపదే చూడటం, కాలమ్ (ప్రొటీన్‌ని వేరుచేసే గొట్టం) నుంచి వచ్చే ధార | మిల్లీలీటర్, లేదా ధారగా | వేడికి జారే రీడింగ్ | వేలల్లో, మీ సమయం అదనం |
| సెమీ ఆటో అనలైజర్, 340 ఫిల్టర్ | ఎంజైములు, గ్లూకోజ్ | అర మిల్లీలీటర్ చుట్టుపక్కల | డీఎన్ఏ అసలు చదవదు | పాతది తక్కువకే, కిట్లు నెలనెలా |
| రంగు పద్ధతి, కలరీమీటర్ | ప్రొటీన్ | పదుల మైక్రోలీటర్లు | సబ్బులు, చక్కెరలు | అన్నిటికంటే తక్కువ |
| మెరిసే డై, నీలం ఎల్ఈడీ | కొద్దిపాటి డీఎన్ఏ | 1 నుంచి 20 మైక్రోలీటర్లు | స్టాండర్డ్ లేకపోతే అంకె లేదు | డై ఖర్చు |
| చుక్క మిషన్ (ఒక్క చుక్క శాంపిల్‌ని నేరుగా చదివే స్పెక్ట్రో) | డీఎన్ఏ, ప్రొటీన్, 260/280 నిష్పత్తి | 1 నుంచి 2 మైక్రోలీటర్లు | చాలా పలచని శాంపిల్ | లక్షల్లో |

క్యూవెట్ దగ్గరే సగం మంది పడిపోతారు

ఏ యూవీ మార్గం ఎంచుకున్నా ఈ గండం దాటాలి. మామూలు ప్లాస్టిక్ క్యూవెట్, అంటే పాలీస్టైరీన్‌ది, 340 కింద వెలుతురును మింగడం మొదలుపెడుతుంది. గాజుది ఇంకాస్త కిందికి వస్తుంది గానీ 260 దాకా రాదు. 260, 280 కావాలంటే క్వార్ట్జ్ ఉండాలి, లేదంటే యూవీ కోసమే చేసిన ప్రత్యేక ప్లాస్టిక్. శాంపిల్ తక్కువైతే లోపల సన్నని గాడి ఉండే మైక్రో క్యూవెట్లు ఉన్నాయి. వాటితో వంద మైక్రోలీటర్ల దాకా దిగొచ్చు, కానీ వెలుతురు ఆ గాడిలోంచే పోవాలి. ఇంట్లో చేసుకున్న డబ్బాలో ఆ గురి కుదరడం కష్టం.

ఒకసారి మేము రెండు క్వార్ట్జ్ క్యూవెట్లు తెప్పించాం. డబ్బా మీద క్వార్ట్జ్ అనే రాసి ఉంది, బిల్లులోనూ అంతే. స్పెక్ట్రోలో పెట్టి, గాలిని బ్లాంక్‌గా (సున్నా అనుకునే రీడింగ్‌గా) తీసుకుని, క్యూవెట్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి 260 చూశాం. మంచి క్వార్ట్జ్ అయితే 0.1 చుట్టుపక్కల రావాలి. ఇవి మీటర్ చూపించగలిగిన చివరి అంకె దగ్గర నిలబడ్డాయి. గాజే. అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారులెండి, కానీ అప్పటికి ముగ్గురు పిల్లలు రెండు వారాల పాటు తమ డీఎన్ఏ "భలే చిక్కగా ఉంది" అని సంబరపడ్డారు. ఇలాంటి క్యూవెట్ల మీద పైన చిన్నగా క్యూ అక్షరం ఉంటే క్వార్ట్జ్, జీ ఉంటే గాజు. ఆ అక్షరాన్ని కూడా పూర్తిగా నమ్మకండి, పైన చెప్పిన పరీక్ష చేయండి.

సెకండ్ హ్యాండ్ స్పెక్ట్రో

ఉన్న వాటిలో నేను మొదట చూడమనేది ఇదే. లక్షల చుక్క మిషన్‌ని పక్కన పెడితే, తరంగదైర్ఘ్యాన్ని మార్చుకుంటూ చదవడం దీనికే సాధ్యం, అందువల్ల శుద్ధి ఎంతో తెలుస్తుంది. శుభ్రమైన డీఎన్ఏకి 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, ఆర్ఎన్ఏకి 2.0 దగ్గర ఉంటుంది. ప్రొటీన్ మిగిలిపోతే తగ్గుతుంది. ఫీనాల్ మిగిలితే 270 దగ్గర గుట్టలా లేచి రెండు అంకెల్నీ ఎత్తేస్తుంది. డీఎన్ఏ తీసే కిట్లలో వాడే గ్వానిడిన్ 230 దగ్గర బయటపడుతుంది. ఒకే ఎల్ఈడీ ఉన్న డబ్బా ఇవేవీ చెప్పలేదు. దానికి అన్నీ డీఎన్ఏలాగే కనబడతాయి.

దీని గుండె డ్యూటీరియం ల్యాంప్. అది నడిచేది వెయ్యి, రెండు వేల గంటలు. పాత మిషన్ అమ్మేవాళ్లు 540 దగ్గర రీడింగ్ చూపించి "చూడండి మేడమ్, కొత్తదానిలా ఉంది" అంటారు. అక్కడ వెలిగేది టంగ్‌స్టన్ బల్బు, దాని ధర తక్కువ. మీరు 260, 230 దగ్గర చూపించమనండి. అరగంట వేడెక్కనిచ్చి, నీళ్లకి జీరో చేసి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. అంకె 0.005 లోపు ఊగితే ఫర్వాలేదు. ల్యాంప్ కొత్తది ఎక్కడ దొరుకుతుందో, ఎంతో, బేరం ముందే కనుక్కోండి. ఆ కంపెనీ మూతపడి ఉంటే మిషన్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

కరెంటు పోయి వచ్చే చోట ఉంటే యూపీఎస్ తప్పనిసరి. ప్రతిసారీ ల్యాంప్ ఆరి వెలిగితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

సొంతంగా చేసే యూవీ ఎల్ఈడీ డబ్బా

ఇది అందరికీ ఇష్టమైన మార్గం, నాకూ ఇష్టమే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను.

పని సూత్రం తేలిక. ఒకవైపు ఎల్ఈడీ, మధ్యలో క్యూవెట్, అటువైపు ఫోటోడయోడ్. నీళ్లకి ఎంత వెలుతురు వచ్చింది, శాంపిల్‌కి ఎంత వచ్చింది, ఆ నిష్పత్తికి లాగరిథమ్. ఓడీ 1 అంటే పదో వంతు వెలుతురు దాటింది, ఓడీ 2 అంటే నూరో వంతు. ఆర్డినోలో (చిన్న కంట్రోలర్ బోర్డు) ఉండే 10 బిట్ల కొలత బ్లాంక్‌కి 1023 చూపిస్తే, ఓడీ 2 దగ్గర మిగిలేది పది. అందులో ఒక్కటి అటూ ఇటూ అయినా పది శాతం తప్పు. అందుకే ఏడీఎస్1115 లాంటి 16 బిట్ల చిప్ వేసుకోండి. ధర వందల్లోనే.

ఎల్ఈడీ కొనేటప్పుడు జాగ్రత్త. కోవిడ్ తర్వాత యూవీసీ (280 కింద ఉండే యూవీ) అనే పేరుతో ఏవేవో అమ్మారు. ఆన్ చేయగానే ఊదా రంగులో గట్టిగా మెరిస్తే అది 395 లేదా 405, డీఎన్ఏకి దానితో పని లేదు. అసలైన 265, 280 ఎల్ఈడీలు కంటికి పెద్దగా కనబడవు, మహా అయితే నీలంగా చిన్న మసక. వాటికి 5 నుంచి 7 వోల్టులు కావాలి, కాబట్టి 3 వోల్టులకే వెలిగిపోతే అనుమానించండి. ఇంకో పరీక్ష ఉంది. ఎల్ఈడీ ముందు తెల్ల ఏ4 కాగితం పెడితే నీలంగా మెరుస్తుంది. మధ్యలో మైక్రోస్కోప్ గాజు స్లైడ్ పెట్టండి. మెరుపు పోతే మీ ఎల్ఈడీ అసలుది, పోకపోతే మీ డబ్బులు పోయినట్టు. అసలుదని తేలాక అదే ఎల్ఈడీతో క్యూవెట్‌ని పరీక్షించండి. స్లైడ్ బదులు ఖాళీ క్యూవెట్ పెట్టినా కాగితం మెరుస్తూనే ఉంటే అది క్వార్ట్జ్. ఇదంతా అట్టపెట్టె లోపల, కిటికీకి గాజు పలక అడ్డం పెట్టి, దాని వెనక నుంచే చూడాలి. ఈ వెలుతురు కంటి పైపొరను కాలుస్తుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలకి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. మూత తీయగానే ఎల్ఈడీ ఆరిపోయేలా ఒక స్విచ్ పెట్టండి. స్కూలు పిల్లల చేతికి వెళ్లే డబ్బా అయితే ఆ స్విచ్ లేకుండా అసలు చేయొద్దు.

ఫోటోడయోడ్ విషయంలో ఎక్కువమంది ఎండలో యూవీ ఇండెక్స్ కొలిచే మాడ్యూల్ తెచ్చేస్తారు. జీయూవీఏ ఎస్12ఎస్‌డీ 240 నుంచి 370 దాకా స్పందిస్తుందని కాగితం మీద ఉంటుంది, నిజమే. కానీ దాని బలమంతా 350 వైపు. 260 దగ్గర బలహీనం. సిలికాన్ కార్బైడ్ డయోడ్ ఖరీదెక్కువైనా బయటి వెలుతురుని పట్టించుకోదు, ఈ పనికి అదే సరైంది.

ఇక అసలు శత్రువు వేడి. మా ల్యాబ్‌లో ఏసీ లేదు. ఒక మే నెలలో ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, నీళ్లలో కూడా డీఎన్ఏ ఉందంట!" చూస్తే నీళ్లకే 0.02 చూపిస్తోంది. "బ్లాంక్ ఎప్పుడు తీశావమ్మా?" అంటే, ఆన్ చేయగానే. ఎల్ఈడీ వేడెక్కి వెలుతురు నాలుగున్నర శాతం తగ్గింది, అంతే, అదే 0.02. మనం ఇందాక లెక్కేసిన 5 మైక్రోలీటర్ల మినీప్రెప్‌కి ఇది రెండింతలు. మందు మూడు రకాలుగా ఉంది. కరెంటు స్థిరంగా ఇచ్చే డ్రైవర్. ఎల్ఈడీని ఎప్పుడూ వెలిగించి ఉంచకుండా క్షణం వెలిగించి, చదివి, ఆర్పి, చీకటి రీడింగ్ తీసేయడం. అన్నిటికంటే ముఖ్యం, ఎల్ఈడీ పక్కనే రెండో ఫోటోడయోడ్ పెట్టి ఎల్ఈడీ ఎంత తగ్గిందో కనిపెట్టుకోవడం. మూడోది చేయకుండా ఓడీ 0.05 కింద వచ్చే ఏ అంకెనూ రికార్డులో రాయకండి.

ఇంత చెప్పాక దీన్ని ఎవరు చేసుకోవాలి? నా లెక్కలో కాలమ్ నడిపేవాళ్లు. ప్రొటీన్ శుద్ధి చేసేటప్పుడు కాలమ్ కింద నుంచి చుక్కచుక్కగా వచ్చేదాన్ని 280 ఎల్ఈడీ ముందు నుంచి పోనిస్తే, ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అన్నది గీతలా కనిపిస్తుంది. అక్కడ కచ్చితమైన అంకె అక్కర్లేదు, గీత గుట్టలా ఎక్కడ లేచిందో తెలిస్తే చాలు. శాంపిల్ కూడా వృథా కాదు, ఎలాగూ ట్యూబులోకే పోతోంది. హిస్ ట్యాగ్ కాలమ్ అయితే ఒక్క మాట: ప్రొటీన్‌ని కాలమ్ నుంచి విడిపించే ఇమిడజోల్ కూడా 280 దగ్గర కొంత పీల్చుకుంటుంది. బఫర్ మార్చగానే గీత లేస్తే అది ప్రొటీన్ అనుకుని సంతోషపడకండి. ఇలాంటి డబ్బా అచ్చు వేయించుకోవాలంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసుకునే వర్క్‌షాప్) లాంటి చోటు ఊళ్లోనే ఉంది.

సందు చివర డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఉన్న మిషన్

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రక్తపరీక్షల సెంటర్లలో "సెమీ ఆటో" అని పిలిచే అనలైజర్ ఉంటుంది. అందులో 340 ఫిల్టర్ ఉంటుంది. డీఎన్ఏకి పనికిరాదు. కానీ మీరు కొలవాల్సింది ఎంజైమో, గ్లూకోజో అయితే 260 వెంట పడాల్సిన పనే లేదు. ఎన్ఏడీహెచ్ (కణాల్లో ఎలక్ట్రాన్లు మోసే అణువు) 340 దగ్గర వెలుతురు పీల్చుకుంటుంది, ఎలక్ట్రాన్లు దించేసిన దాని రూపం ఎన్ఏడీ పీల్చుకోదు. ఆ తేడాతోనే ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము) లాంటి ఎన్నో పరీక్షలు నడుస్తున్నాయి. సెంటర్లు ఫుల్లీ ఆటోకి మారినప్పుడు ఇవి చవగ్గా బయటికొస్తాయి. బాగుచేసే మెకానిక్కులు ఊళ్లో ఉంటారు, అది పెద్ద లాభం.

సొంతంగా చేసుకోవాలన్నా ఇక్కడ సులువు. ఎన్ఏడీహెచ్ 340 దగ్గర మోలార్ గుణకం (ఎంత గట్టిగా పీల్చుకుంటుందో చెప్పే అంకె) 6220, 365 దగ్గర సుమారు 3400. అంటే నోట్లు పరీక్షించే టార్చిలో ఉండే 365 ఎల్ఈడీతో కూడా సగానికి పైగా సిగ్నల్ వస్తుంది. ప్లాస్టిక్ క్యూవెట్ చాలు. కళ్లకి ప్రమాదం తక్కువ, అయినా నేరుగా చూడకండి.

ప్రొటీన్‌కి రంగు, డీఎన్ఏకి మెరుపు

ప్రొటీన్ ఎంతుందో తెలిస్తే చాలనుకుంటే యూవీని వదిలేయండి. బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతి 1976 నుంచి ఉంది. కూమాసీ డై ప్రొటీన్‌కి అంటుకుని నీలంగా మారుతుంది, 595 దగ్గర చదువుతాం. కాలేజీలో మూలన పడి ఉన్న కలరీమీటర్ చాలు. గాజు ట్యూబు చాలు. డిటర్జెంట్ ఉన్న శాంపిల్ అయితే డై తికమకపడుతుంది, అప్పుడు బీసీఏ అనే ఇంకో రంగు పద్ధతికి వెళ్లండి. బీసీఏకి చక్కెరలు, బఫర్లలో వేసే డీటీటీ, ఈడీటీఏ పడవు. కోడిగుడ్డు తెల్లసొన నూరు రెట్లు పలచన చేస్తే మిల్లీలీటర్‌కి ఒక మిల్లీగ్రామ్ దగ్గరకొస్తుంది, బీఎస్సీ ప్రాక్టికల్‌కి ఇంతకంటే మంచి శాంపిల్ లేదు. పాలు మాత్రం యూవీలో నేరుగా పెట్టకండి. కేసీన్ రేణువులు వెలుతురుని చెదరగొడతాయి, మిషన్ దాన్ని పీల్చుకోవడమే అనుకుంటుంది.

రంగు పద్ధతులంటే చిన్నచూపు వద్దు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ పద్ధతి రంగు చూసి కొలిచేదే. ఇప్పటికీ ప్రాక్టికల్ రికార్డుల్లో ఉంది.

డీఎన్ఏకి రంగు పద్ధతి డైఫినైలమీన్. పదుల మైక్రోగ్రాములు కావాలి, ఆసిడ్ వాసన, మరిగే నీళ్లు. మినీప్రెప్‌కి లాభం లేదు. మీ దగ్గర డీఎన్ఏ కొంచెమే ఉండి, ఏదో ఒకటి సొంతంగా చేయాలనే పట్టుదల ఉంటే, యూవీ డబ్బా బదులు నీలం ఎల్ఈడీ డబ్బా చేయండి. డీఎన్ఏకి అంటుకున్నాకే మెరిసే డై, 470 నీలం ఎల్ఈడీ, ముందు నారింజ రంగు ఫిల్టర్, ఫోన్ కెమెరా. ఇక్కడ కొలిచేది చీకట్లో వెలుగు, కాబట్టి కొద్దిపాటి డీఎన్ఏ కూడా కనబడుతుంది. ఫోన్ కెమెరా 260ని ఎలాగూ చూడలేదు, పచ్చని మెరుపుని బాగా చూస్తుంది. ప్రతిసారీ తెలిసిన గాఢతలో ఉన్న డీఎన్ఏ నాలుగైదు ట్యూబులు పక్కన పెట్టాలి, కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయాలి. శుద్ధి సంగతి ఇది చెప్పదు.

ఎవరికి ఏది

డిగ్రీ కాలేజీకి డబ్బు ఒక్కసారే మంజూరవుతుంది, తర్వాత ల్యాంప్‌కి కూడా రాదు. అందుకని ప్రొటీన్‌కి కలరీమీటర్, ఎంజైములకి పాత సెమీ ఆటో అంటాను. యూవీ స్పెక్ట్రో కొంటే రెండో ల్యాంప్ కూడా అదే బిల్లులో వేయించండి. ఇది అడ్డదారి కాదు, అనుభవం.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు పది శాంపిళ్ల కోసం ఏ మిషనూ కొనొద్దు, చేయొద్దు. చుక్క మిషన్‌కి ఒక మైక్రోలీటర్ చాలు. మార్గం పొడవు ఒక మిల్లీమీటర్ లేదా అంతకంటే తక్కువ కాబట్టి చిక్కటి శాంపిల్‌ని పలచన చేయకుండానే చదువుతుంది. మీ గైడ్ చేత ఒక ఉత్తరం రాయించుకుని ఆ మిషన్ ఉన్న ల్యాబ్‌కి ఐస్ డబ్బాతో వెళ్లండి. హబ్సిగూడ నుంచి గచ్చిబౌలి దాకా బయాలజీ ల్యాబులకి ఈ ఊళ్లో కొదవ లేదు. సొంత బఫర్ బ్లాంక్ కోసం పట్టుకెళ్లడం మర్చిపోకండి. నీళ్లతో బ్లాంక్ తీసి, బఫర్‌లో ఉన్న డీఎన్ఏ చదివి వచ్చేవాళ్లే ఎక్కువ.

జీనోమ్ వ్యాలీలోనో, యూనివర్సిటీ ఇంక్యుబేటర్‌లోనో చిన్న బెంచి తీసుకున్న స్టార్టప్ అయితే, అక్కడి ఉమ్మడి పరికరాలతో అంకెలు తీసుకోండి. మీ కాలమ్ పక్కన రోజంతా కూర్చునేందుకు మాత్రం 280 ఎల్ఈడీ డబ్బా చేసుకోండి. నెలకోసారి తెలిసిన బీఎస్ఏతో రెండింటినీ సరిపోల్చి నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండాలి.

స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి నీలం ఎల్ఈడీ, లేదంటే బ్రాడ్‌ఫోర్డ్. యూవీసీ వద్దు.

కొనే ముందు చివరగా ఒక పని. మీ శాంపిల్ ఉన్న బఫర్‌ని, శాంపిల్ లేకుండా, అమ్మేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి 230, 260, 280 దగ్గర చదివించండి. ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ ఉన్న బఫర్ అయితే 280 దగ్గర అదొక్కటే మీటర్‌ని పైకి తోసేస్తుంది. బోరు నీళ్లతో చేసినదైతే నైట్రేట్ వల్ల 220 ప్రాంతమంతా మూసుకుపోతుంది. బఫర్‌కే ఓడీ 1 దాటిందా, పర్సు తీయకుండా వెనక్కి వచ్చి ముందు బఫర్ మార్చండి.